కదిలే పిడి

శృంగధాత్రి రాజ్యానికి దక్షిణపు పొలిమేరలో నల్లబోడు అనే కొండ ఉంది. వెండిజల్లులా దూకే సెలయేళ్ళూ, పూల బరువుకు వంగిన కడిమిచెట్లూ, నెమళ్ళు పురివిప్పే పచ్చిక బయళ్ళూ, ఇవేవీ ఆ కొండ మీద లేవు. తక్కిన కొండలన్నిటికీ పంచగా మిగిలిన నల్లరాతినంతా బ్రహ్మదేవుడు విసుగుపుట్టి అక్కడ కుప్పపోసి వెళ్ళిపోయాడని జనం చెప్పుకుంటారు. దాని మీద కాకి వాలదు, మబ్బు ఆగదు. దాని కడుపులో వక్రఘోణుడనే మాంత్రికుడు కాపురముంటున్నాడు. రాజుగారు ఆ దిక్కుకు తలపెట్టి పడుకోవడం కూడా మానేశారంటే ఇక సైన్యాన్ని పంపుతారా?

ఆ కొండ కడుపులో తన అన్న కామోజు బతికే ఉన్నాడని సూరమకు తెలిసింది. తెలిసినందుకు సంతోషించాలో, తెలియకపోతేనే బాగుండేదని ఏడవాలో ఆమెకు తోచలేదు.

వార్త తెచ్చినవాడు బొంతయ్య. మాంత్రికుడి గుహకు ఏళ్ళ తరబడి చమురు మోసి, చివరికి ఒక చెయ్యి కాల్చుకుని పారిపోయి వచ్చాడు. కొలిమిపాడు కమ్మరి వీధిలోకి పాక్కుంటూ వచ్చి, సూరమ తండ్రి మల్లోజు కొలిమి ముందు కూలబడ్డాడు.

“మీ అబ్బాయిని చూశానయ్యా. చూశాననకూడదులే, మాట విన్నాను. మనిషి కనపడడు. నిలువెత్తు ఇనుపతొడుగు, దాని లోపల మీవాడు.”

మల్లోజు చేతిలోని పట్టకారు జారి బూడిదలో పడింది.

సంగతేమంటే, కామోజుకు పనితనం ఎంత ఉందో నోరూ అంతే ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వాడి నోరు మంచిది కాదు. “నేను బిగించినదాన్ని నేను తప్ప ఈ లోకంలో ఎవడూ విప్పలేడు” అని నిండు కొలువులో అన్నాడు. ఆ మాట గాలిలో నల్లబోడుకు చేరింది. వక్రఘోణుడు కబురుపెట్టి, మనిషిపట్టే ఇనుపతొడుగు చేయమన్నాడు. కామోజు మురిసిపోయి చేశాడు. “కొలత సరిపోయిందో లేదో ఒక్కసారి లోపల నిలబడి చూపించు నాయనా” అన్నాడు మాంత్రికుడు. అంతే. ఎవడు తీసిన గోతిలో వాడే పడడమంటే ఇదే.

ఆ తొడుగును మూసి ఉంచేవి మూడు మరమేకులు. మామూలు మేకును కొడితే దిగుతుంది. మరమేకును తిప్పితేనే దిగుతుంది, దాని ఒంటి చుట్టూ మెలికలు తిరిగిన గాడి ఉంటుంది, నెత్తిన ఒక చీలిక ఉంటుంది. ఆ చీలికలో మొన పెట్టి తిప్పే పనిముట్టును కమ్మరి వీధిలో తిప్పుడుకోల అంటారు. మధ్యాహ్నపు పూజ ముగించి వక్రఘోణుడు గంట కొట్టినప్పుడల్లా ఆ మేకులు తమంతట తామే ఒక్క పిసరు లోపలికి దిగుతాయి. రొమ్ము మీది మేకు మొన సరిగ్గా గుండెకు ఎదురుగా ఉంది. అది గుండెను తాకిన నాడు కామోజు ప్రాణం మాంత్రికుడి చేతి దీపంలోకి వచ్చి చేరుతుంది. మేకులు సాఫీగా దిగడానికే బొంతయ్య మోసిన చమురు.

“ఇప్పటికి చొక్కాను తాకిందమ్మా. చర్మాన్ని తాకడానికి ఎంతో కాలం పట్టదు” అన్నాడు బొంతయ్య.

“మేకులెక్కడున్నాయో చూపించు” అంది సూరమ.

బొంతయ్య మంచి చేత్తో ఆమె మెడ వెనుక తాకాడు. “ఒకటి ఇక్కడ. పైనుంచి నిలువుగా దిగే లోతైన గొట్టంలో ఉంది, మూరెడు కోల ఉంటేగాని అందదు. రెండోది ఎడమ చంక కింద. తొడుగును గోడకు ఆనించి నిలబెట్టారు. గోడకూ మేకుకూ మధ్య జానెడు కూడా లేదు, పొడుగు కోల పట్టదు. మూడోది రొమ్ము మీద. దాన్ని నేను వేళ్ళతో కదపబోయానమ్మా, కొండను కదిపినట్టుంది. మామూలు పిడికి రాదు. అడ్డపిడి వేసి రెండు చేతులతో తిప్పాలి.”

“అయితే మూడు కోలలు పట్టుకుపోతాను.”

“ఒక్కటే పోనిస్తారు. గుమ్మంలో ముక్కుభూతం ఉంటుంది. లోపలికి పోయేవాడి దగ్గర ఒక్క ఇనుముంటే చమురుగరిటె అనుకుంటుంది. రెండో ఇనుము వాసన తగిలిందా, మింగేస్తుంది. నా ముందరి చమురుమోతగాడు మొలతాడుకు చిన్న తాళంచెవి కట్టుకుని వెళ్ళాడు, పాపం.”

ఒక్క కోలకు మూడు పిడులు. చివరన ఒకటి, మొన దగ్గర ఒకటి, అడ్డంగా ఒకటి. అంటే పిడి కదలాలి. సూరమ ఆ మాట పైకి అనలేదు. అననక్కరలేదు. మల్లోజు మొహం అప్పటికే తెల్లబోయింది.

ఆ వీధి కట్టుబాటు తెలియనివారికి ఇదంతా వింతగా ఉంటుంది. కొలిమిపాడులో ప్రతి పనిముట్టు పిడినీ దాన్ని చేసినవారి అరచేతి కొలతకు తొలుస్తారు. ఒకసారి బిగించాక వారు బతికున్నంతకాలం అది కదలకూడదు. మనిషి పోయిన రోజున పెద్దవాడు పిడిని ఇనుము నుంచి ఊడదీస్తాడు. పిడి పాడెమీదికి, ఇనుము కొలిమిలోకి. “పిడి మనిషిది, ఇనుము కొలిమిది” అని వాళ్ళ సామెత. పని మధ్యలో పిడి కాస్త వదులైతే చాలు, ఆ పూట కొలిమి ఆర్పేసి ఇంట్లోవాళ్ళందరూ క్షేమంగా ఉన్నారో లేదో చూసుకుని వస్తారు. కామోజు మాయమైనప్పుడు వీధంతా వచ్చి చెప్పింది, వాడి సుత్తి పిడి ఊడదీసెయ్యి మల్లోజూ, ఆశ పెట్టుకోకు అని. మల్లోజు వినలేదు. ఆ సుత్తి ఇప్పటికీ గోడకు వేలాడుతోంది, పిడితో సహా. ముసలాడు రోజూ పొద్దున్నే లేచి, దాన్ని రెండు వేళ్ళతో కదిపి చూసి, గట్టిగా ఉందనుకున్నాకే మొహం కడుక్కుంటాడు.

అలాంటి మనిషి ముందు కూతురు పిడి కదిలే కోల చేయడానికి కూర్చుంది.

మొదట గుండ్రటి కడ్డీ తీసుకుని, దాని మీద జారేలా చండ్రకర్ర పిడి తొలిచింది. తిప్పి చూస్తే పిడి గిర్రున తిరిగింది, కడ్డీ మాత్రం కొత్తకోడలిలా కదలక మెదలక నిలబడింది. కడ్డీని కొలిమిలో పెట్టి నాలుగు పలకలుగా సాగగొట్టింది. పిడిలో నాలుగు మూలల బెజ్జం తొలిచింది. ఇప్పుడు రెండూ కలిసి తిరిగాయి. కాని బలంగా ఒత్తేసరికి పిడి కిందికి జారి, ఆమె పిడికిలి పలక అంచుకు చీరుకుపోయింది. నెత్తురు దాగలి మీద పడింది. మల్లోజు చూసి మొహం తిప్పుకున్నాడు.

చీరిన చేతికి గుడ్డ చుట్టుకుని, కడ్డీ అంచున ఆకురాయితో గాట్లు పెట్టింది. పిడిలో ఒక చిన్న నాలుక అమర్చింది. బొటనవేలితో నొక్కితే నాలుక లేస్తుంది, పిడి జారుతుంది. వదిలితే టక్కున గాటిలో పడి పిడిని పట్టుకుంటుంది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, కావలసిన చోట ఆగింది. ఎంత ఒత్తినా జారలేదు. సూరమకు ఊపిరి ఆడింది.

బొంతయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఈ నాలుక దేంతో చేశావమ్మా?”

“ఇనుపరేకు.”

“కోల ఒక ఇనుము, నాలుక ఒక ఇనుము. భూతానికి రెండు.”

సూరమ ఆ కోలను మూలకు విసిరికొట్టింది. తిత్తి పక్కన కూర్చుని మోకాళ్ళలో తలపెట్టుకుని ఏడ్చింది. అన్న రొమ్మువైపు మేకు దిగుతూ ఉంటే తాను ఇక్కడ రేకుముక్కలతో ఆడుకుంటున్నట్టు అనిపించింది. కంచుతో పోతపోసిన నాలుక రెండు నొక్కులకే విరిగింది. వెదురునాలుక గాటిలో నలిగింది. చివరికి దున్నకొమ్మును వేడినీళ్ళలో మెత్తబరిచి, నిలువు పొర వెంట చీల్చి చేసిన నాలుక నిలిచింది. అది వంగింది, తిరిగి లేచింది, విరగలేదు.

మిగిలింది అడ్డపిడి. దానికొక్కటే దారి. పిడి నడుమ అడ్డంగా ఇంకో బెజ్జం పెట్టాలి. పిడిని కోలనుంచి పూర్తిగా ఊడదీసి, ఆ అడ్డబెజ్జంలోంచి కోల వెనుక కొసను, అదే తోకను, దూర్చాలి. అప్పుడు రెండు చేతులతో రెండు వైపులా పట్టి తిప్పవచ్చు.

ఆ బెజ్జం పెడుతూ ఉండగా మల్లోజు నోరు తెరిచాడు.

“జారడమే అరిష్టమని కళ్ళు మూసుకున్నానమ్మా. ఊడదీసి మళ్ళీ తొడగడమా? అది పీనుగు లేచిన ఇంట్లో చేసే పని. నీ అరచేతి కొలతకు తొలిచిన పిడి. నీ చేతులతో నువ్వే ఊడదీసుకుంటావా?”

“మరి అన్నను ఎట్లా తెమ్మంటావు నాయనా?”

“ఒకడు పోయాడు. నువ్వూ పోతే...” ముసలాడు గోడమీది సుత్తివైపు చూశాడు.

“అన్న పోలేదు. పోయాడని నువ్వనుకుంటే ఆ సుత్తి ఇంకా గోడకు ఎందుకుంది?”

మల్లోజు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

బయలుదేరే రోజు పొద్దున ఆయనే కోలను చేతికిచ్చాడు. తోక చివర ఎర్రగా లక్కబొట్టు పెట్టి ఉంది. ఇంటినుంచి పనిముట్టు దూరప్రయాణం పోయేటప్పుడు పెద్దలు పెట్టే దీవెన అది. ఆ బొట్టు పెట్టాక పని చోటు చేరేదాకా పనిముట్టును వాడి చూడకూడదు. సూరమ కోలను కళ్ళకద్దుకుంది. తండ్రి మనసు కరిగిందనుకుని, ఎన్నాళ్ళకో మొదటిసారి కాస్త నవ్వింది. మల్లోజు నవ్వలేదు. ఆమె కళ్ళలోకి చూడనూలేదు. దుఃఖం వల్ల అనుకుంది.

బొంతయ్య విడిచిన జిడ్డుబట్టలు కట్టుకుని, జుట్టు తలపాగాలో దోపి, ఒంటినిండా చమురు పూసుకుని, భుజాన చమురుకుండతో ఆమె నల్లబోడు దారి పట్టింది.

కొండపాదం చేరకముందే ఊబి ఎదురైంది. పైన తామరాకులు, పచ్చని నాచు, చూడముచ్చటైన నీలిపూలు. అడుగు పెట్టగానే మోకాళ్ళదాకా దిగబడింది. గింజుకున్నకొద్దీ నడుందాకా దిగింది. అరిస్తే వచ్చేవాళ్ళు లేరు. మూతబిగించిన కుండను రొమ్ము కింద పెట్టుకుని బోర్లా పడుకుని, ఈదినట్టు చేతులతో బురదను వెనక్కి తోసుకుంటూ అవతలి గట్టుకు చేరింది. మూటలోని తిండి పోయింది. మూత సందులోంచి సగం చమురు కారిపోయింది. కోల మాత్రం పళ్ళ మధ్య ఉంది.

గట్టెక్కితే రాతికుక్కల కనుమ. దారికి రెండువైపులా నల్లరాతిలో చెక్కిన కుక్కలు, కోరలు బయటపెట్టి, చెవులు నిక్కించి కూర్చున్నాయి. చప్పుడు వినపడనంతసేపు అవి రాళ్ళేనని బొంతయ్య చెప్పాడు. సూరమ ఊపిరి బిగబట్టి, కుండను వీపుకు కట్టుకుని, కోలను బట్టల్లో చుట్టుకుని నడిచింది. సగం దూరం వచ్చింది. బురద తగిలిన కొమ్మునాలుక గాటిలోంచి జారింది. పిడి కిందికి పడి ‘టక్’ మంది.

కుక్కలన్నీ ఒక్కసారి తలలు తిప్పాయి.

ఆమె పరుగు తీసింది. వెనుక రాతిగోళ్ళు రాతి మీద నిప్పులు రాలుస్తూ వచ్చాయి. ఎదురుగా లోయ. ఆగితే కుక్కలు, దూకితే లోయ. దూకింది. అవతలి అంచు చేతులకు తగిలింది, కాళ్ళు గాలిలో వేలాడాయి. వెనుకనే దూకిన మొదటి కుక్క ఆమె కాలిచెప్పును మాత్రం కొరికి పట్టుకుని అడుగులేని చీకట్లోకి పోయింది. తక్కినవి అంచున నిలబడి మళ్ళీ రాళ్ళయ్యాయి. ఆమె మోచేతుల మీద పైకి ఎగబాకి, కాసేపు అలాగే పడి ఉంది. పిడి కదిలినందుకే ఇంత జరిగింది, నాయన మాటే నిజమేమో అనిపించింది. అయినా ఇప్పుడు వెనక్కి పోవడానికి కూడా ఆ లోయే అడ్డం.

గుహ గుమ్మంలో ముక్కుభూతం కూర్చుని ఉంది. దాని మొహమంతా ముక్కే, కళ్ళకూ చెవులకూ చోటు మిగల్లేదు. ఒక్కొక్క ముక్కుపుటంలో ఎద్దు దూరిపోయేలా ఉంది. చెవులు లేకపోయినా మాటను గాలిలో వాసన చూసి తెలుసుకుంటుంది.

“బొంతయ్యా, ఇన్నాళ్ళేమైపోయావురా?”

“ఊబిలో పడ్డాను దొరా” అంది సూరమ గొంతు బొంగురు చేసి.

“ఇనుములెన్ని?”

“ఒకటే దొరా. గరిటె.”

భూతం గాలి పీల్చింది. ఆమె తలపాగా ఆ గాలికి ఊడబోయింది. “ఇనుము ఒకటి. చమురు. చండ్రకర్ర. కొమ్ము... గరిటెకు కొమ్మెందుకురా?”

“పిడి జారకుండా దొరా.”

అది నిజమే గనక నిజం వాసనే వచ్చింది. భూతం పక్కకు జరిగింది. “పో. చమురు పోసి వచ్చెయ్. గంట కొట్టాక దొరగారు కిందికి దిగుతారు.”

లోపలి మందిరం ఇంద్రభవనంలా ఉంది. పాలరాతి నేల తప్ప అన్నీ ఉన్నాయి అక్కడ. పైకప్పునుంచి పగడాల గుత్తులు, స్తంభాలకు చుట్టుకున్న బంగారు తీగలు, నూనె లేకుండా వెలిగే నీలిదీపాలు, ఒక్కొక్క దీపంలో ఒక్కొక్క మనిషి మొహం. నేల మాత్రం కొండరాయే, చెక్కని నల్లరాయి, సానరాయిలా గరుకు. ఆ వైభవం మధ్యలో, గోడకు ఆనుకుని, తుప్పు కూడా పట్టని ఇనుపతొడుగు నిలబడి ఉంది. నోటి దగ్గర సన్నటి చీలిక.

“ఇన్నాళ్ళకు మళ్ళీ వచ్చావా బొంతయ్యా” అంది లోపలి గొంతు. కామోజు గొంతే. కాని కొలువులో బీరాలు పలికిన గొంతు కాదు, ఎండిపోయిన గొంతు.

“బొంతయ్య కాదన్నా. నేను.”



“వెళ్ళిపో సూరీ.”

“వెళ్ళను.”

“మూడో మేకు రాదే పిచ్చిదానా. ఎవరూ విప్పలేకుండా నేనే చేశాను. మొన చర్మానికి తగిలింది. ఊపిరి తీసినప్పుడల్లా తెలుస్తోంది. ఇవాళ్టి గంటకు కండలోకి దిగుతుంది. నువ్వది చూడొద్దు, వెళ్ళిపో.”

“నోరు మూసుకుని నిలబడు. నీ నోటివల్లే ఇంత వచ్చింది.”

పిడిని తోక చివరకు జరిపి, మూరెడు కోలను మెడ వెనుక గొట్టంలోకి దింపింది. మొన చీలికలో పడింది. తిప్పితే మేకు మూలిగినట్టు మోగి, వదులై, చేతికొచ్చింది. పిడిని మొన దగ్గరికి లాగింది. గోడకూ చంకకూ మధ్య చెయ్యి దూర్చి, వేళ్ళతో కొద్దికొద్దిగా తిప్పింది. వేళ్ళ చర్మం గోడకు గీసుకుపోయింది. రెండో మేకు నేల మీద పడింది.

“సూరీ” అన్నాడు కామోజు లోపలినుంచి. “నా సుత్తి పిడి ఊడదీశారా?”

“లేదు. గోడకే ఉంది. నాయన రోజూ కదిపి చూస్తాడు.”

తొడుగులోంచి ఏడుపు వినిపించింది. ఇనుములోంచి వచ్చే ఏడుపు మనిషి ఏడుపులా ఉండదు. సూరమ చెవులు మూసుకుని, వెంటనే తెరిచి, మూడో మేకుకు ఎదురుగా వచ్చి నిలబడింది. పిడిని ఊడదీయడానికి తోకవైపు లాగింది. లక్కబొట్టు దగ్గర ఆగింది. పళ్ళతో లక్కను కొరికి ఊసింది.

లక్క కింద ఇనుము మొగ్గలా అణగి ఉంది.

ఎవరో తోక చివరను కాల్చి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, నాలుగు పలకలనూ బయటికి పరిచారు. ఆ దెబ్బలు ఎవరివో ఆమెకు చెప్పక్కరలేదు. చిన్నప్పటినుంచీ ఆ దెబ్బల గుర్తులు చూస్తూ పెరిగింది. పిడి జారుతుందిగాని ఊడదు. కూతురి పిడి ఊడకూడదని ముసలాడు దాన్ని ఇనుముతో కట్టేశాడు. కూతురు బతకాలని చేశాడు. కొడుకు చస్తాడని ఆయనకు తోచలేదు.

సూరమ ఆ నేలమీదే కూలబడింది. తండ్రిని తిట్టడానికి నోరు రాలేదు. ఆయన రెండు వేళ్ళతో సుత్తి పిడిని కదిపి చూసుకోవడమే కళ్ళముందు కనిపిస్తోంది. సుత్తి లేదు, ఆకురాయి లేదు, ఉన్నది ఒకటే ఇనుము. నీలిదీపాల్లోని మొహాలన్నీ ఆమెనే చూస్తున్నాయి. వాటి పక్కన ఒక దీపం ఖాళీగా ఉంది.

ఆ దీపాన్ని చూసి లేచింది.

కోలను తలకిందులుగా పట్టుకుని, మొగ్గను గరుకునేలకు ఆనించి రాయడం మొదలుపెట్టింది. గర్రు, గర్రు. ఇనుప పొడి రాలింది. మొగ్గ అంచు మెరిసింది. అరుగుతోంది. ఇంకా రాసింది, ఒంటిబరువంతా వేసి రాసింది.

గుమ్మంలోంచి అరుపు వినిపించింది.

“ఇనుములు! ఇన్ని ఇనుములు ఎక్కడివి? పదులు, వందలు, వేలు!”

రాలిన ప్రతి రవ్వా ఆ భూతానికి ఒక ఇనుమే. దాని అడుగులకు పగడాల గుత్తులు ఊగాయి. సూరమ కుండ ఎత్తి, మిగిలిన చమురంతా ఆ పొడి మీద కుమ్మరించింది. కంపు గుప్పుమంది. భూతం మందిరపు వాకిట్లో ఆగి, గాలి పీల్చి, తుమ్మి, గొణుక్కుంది.

“చమురేరా... ఒలకబోశావా దరిద్రుడా!”

“చెయ్యి జారింది దొరా.”

అది వెనక్కి వెళ్ళింది. అయితే చమురుతో తడిసిన రాతి మీద ఇనుము అరగదు, జారుతుంది. ఆమె ఇంకా రాస్తూనే ఉంది. అరచేతులు పొక్కి, పొక్కులు చితికి, పిడి నెత్తుటితో జారుతోంది. నాలుగు మూలల్లో మూడు అరిగాయి. నాలుగోది మిగిలింది.

“కొద్దిగా ఓర్చుకో అన్నా. కొద్దిగా.”

“సూరీ, పైన మంత్రాలు ఆగిపోయాయి” అన్నాడు కామోజు.

గంట మోగింది.

రొమ్ము మీది మేకు తనంతట తాను కదలడం ఆమె కళ్ళతో చూసింది. ఒక్క పిసరు. కామోజు అరవలేదు. తొడుగు అడుగు అతుకులోంచి ఎర్రటి చుక్క ఒకటి కారి, నేలమీది చమురులో కలిసింది. దాని వెనుక ఇంకొకటి.

“అన్నా!”

“ఉన్నాను” అన్నాడు వాడు. ఆ ఒక్కమాటకే వాడికి ఊపిరి చాలలేదు.

సూరమ చమురు లేని చోటు వెతికి, మోకాళ్ళమీద పడి, కళ్ళు మూసుకుని రాసింది. నాలుగో మూల తెగింది. పిడిని లాగింది. అది ఆమె చేతిలోకి ఊడివచ్చింది.

తన అరచేతి కొలతకు తొలిచిన పిడి ఒక చేతిలో, ఇనుము ఒక చేతిలో. వీధిలో అయితే ఈపాటికి ఏడుపులు మొదలయ్యేవి. చచ్చానేమో అనుకుంది. చచ్చినా చేతులు ఆడుతున్నాయి కదా అనుకుని, అడ్డబెజ్జంలోకి తోకను దూర్చి, మొనను చీలికలో పెట్టి, రెండు చేతులతో రెండు వైపులా పట్టి తిప్పింది.

కదల్లేదు. కాలు తొడుగుకు తన్నిపెట్టి మళ్ళీ తిప్పింది. భుజంలో ఏదో తెగినట్టయింది. మేకు కీచుమంది. పావు చుట్టు, అర చుట్టు. లోపల కామోజు మొదటిసారి అరిచాడు, ఎందుకంటే కండలోంచి ఇనుము వెనక్కి వస్తోంది. తరువాత తేలికైంది. నెత్తురంటిన మేకు ఆమె పాదాల దగ్గర పడింది. తొడుగు మూత గోడవైపు ఒరిగి, బెత్తెడు తెరుచుకుంది. గోడ అడ్డమై అంతకుమించి రాలేదు.

ఆ సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఎముకలమీద చర్మం తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్ళ చీకటి తరువాత నీలిదీపాల వెలుగుకు వాడు కళ్ళు తెరవలేకపోతున్నాడు. గాలిలో తడుముకున్నాడు. సూరమ అప్పటికి పిడిని మళ్ళీ ఊడదీసి, నిలువుగా తొడగబోతోంది. ఆ వేళ్ళు వచ్చి పిడిని పట్టుకున్నాయి. కమ్మరివాడి వేళ్ళు అవి, కళ్ళు లేకపోయినా పని చేస్తాయి. కర్రను ఈ చివరనుంచి ఆ చివరకు తడిమాయి. ఇనుము కోసం వెతికాయి. ఇనుము లేదు.

వేళ్ళు బిగుసుకుపోయాయి.

“ఊడదీసిన పిడి” అన్నాడు కామోజు. “ఎవరు పోయారే సూరీ? నాయనేనా?”

పైన రాతిమెట్ల మీద పాంకోళ్ళ చప్పుడు మొదలైంది. తొందర లేని చప్పుడు.

“నాయన బతికే ఉన్నాడన్నా” అంది సూరమ. ఆమెకు ఏడుపు ఆగడం లేదు. “ఆయన బతికున్నాడు గనకే నిన్ను విప్పడం ఇంత ఆలస్యమైంది. పిడి వదులు, నాకిప్పుడు కావాలి.”

వాడి వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి పిడిని తీసుకుంది. ఇనుము మీదికి ఎక్కించి, నాలుక గాటిలో పడేదాకా జరిపి, మొనను బల్లెంలా మెట్లవైపు తిప్పి నిలబడింది.